ఎముక గట్టిదన్నారు

పన్ను తీసేటప్పుడు డాక్టరు పొరపాటు చెయ్యడం ఒకటి. ఆ పొరపాటుని తెచ్చి పేషెంటు ఒంటి మీద వెయ్యడం ఇంకొకటి. మొదటిది ఎవరికైనా జరగొచ్చు. రెండోది అందరికీ జరగదు. ఈ వారం రాస్తున్నది ఎక్కువగా ఆ రెండోదాని గురించే.

కిందటేడాది ఆగస్టులో కుడివైపు కింది జ్ఞానదంతం తీయించుకున్నాను. మా ద్రాక్షారామానికి దగ్గర్లో ఉన్న ఒక టౌన్లో క్లినిక్. పేరు రాయను, దయచేసి అడగొద్దు. పన్ను అడ్డంగా పడుకుని పక్కదాన్ని పొడుస్తోంది. నోట్లో పెట్టి తీసే చిన్న ఎక్స్‌రే ఒకటి తీశారు. అందులో పన్ను వేరు కొసదాకా పడలేదు. అరగంట పని అన్న డాక్టరుగారు గంటన్నర కుస్తీ పట్టారు. మధ్యలో టక్కుమని ఏదో విరిగింది. ఆ చప్పుడు బయటినుంచి చెవిలోకి రాదు, దవడ ఎముకలోంచి వస్తుంది. అక్కణ్ణుంచి లోపల చాలాసేపు వెతికారు. నర్సుకి రెండుసార్లు విసుక్కున్నారు. చివరికి కుట్లేసి, చెమట తుడుచుకుని, నవ్వుతూనే అన్నారు: "మీ వాళ్ళ ఎముక గట్టిదండి మేడమ్. మాకు చేతులు పడిపోతాయి."

నోట్లో దూది ఉంది. జవాబు చెప్పే వీల్లేదు.

మీ వాళ్ళు అంటే ఎవరు? చీటీ మీద నా పేరు, వయసు, మా పేట పేరు ఉన్నాయి. కులం రాయమని ఎవరూ అడగలేదు, నేనూ రాయలేదు. గోదావరి జిల్లాల్లో ఆ అవసరం ఉండదు. ఊరు పేరు తర్వాత "పేట" అని వస్తే మిగతాది వాళ్ళే పూరించుకుంటారు.

మర్నాటికి మత్తు దిగలేదు. మూడో రోజుకీ దిగలేదు. కింది పెదవి కుడి సగం, గడ్డం కుడి సగం నావి కావన్నట్టు ఉన్నాయి. వేడి టీ పెదవి మీద పడితే బొబ్బ చూసుకున్నాకే తెలిసింది. అన్నం మెతుకు గడ్డానికి అంటుకుని ఉంటే మా ఆయన చెప్పాలి.

కాలేజీలో ఆ వారం వర్ణోత్పత్తి స్థానాలు చెబుతున్నాను. కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు దాటి ఓష్ఠ్యాల దగ్గరికొచ్చాను. ప ఫ బ భ మ. పలకడం వస్తోంది, పెదవులు కలిశాయో లేదో మాత్రం నాకు తెలియడం లేదు. పదహారో శతాబ్దంలో మరింగంటి సింగరాచార్యులు పెదవులు కలిసే అక్షరం ఒక్కటీ రాకుండా ఒక రామకథ రాశాడు. రాముడి పేరులోనే 'మ' ఉంది కనుక పుస్తకానికి "దశరథరాజనందన చరిత్ర" అని పేరు పెట్టుకోవాల్సి వచ్చింది. నిరోష్ఠ్య కావ్యం అంటారు. ఎమ్మే చదివేటప్పుడు ఇదో పండిత విన్యాసం అనుకుని వదిలేశాను. పిల్లల ముందు నిలబడి అక్షరం పడిందో లేదో తెలియక తడుముకుంటున్నప్పుడు గుర్తొచ్చింది. అమ్మ అనడానికి పెదవులు కావాలి. జై భీమ్ అనడానికి రెండుసార్లు కావాలి.

నాలుగో రోజు వెళ్తే "వాపండి, తగ్గిపోద్ది" అన్నారు. పదిహేనో రోజు వెళ్తే బీ కాంప్లెక్స్ మాత్రలు రాశారు. "కొందరి తత్వం అంతేనండి" అని కూడా అన్నారు. ఈసారి ఎముక కాదు, తత్వం. రెండూ నావే. ఆయన చేతిది ఏమీ లేదు.

అప్పుడు కాకినాడలో ఒక ఓరల్ సర్జన్ దగ్గరికి వెళ్ళాను. ఆయన ముందు ఓపీజీ తీయించారు. రెండు దవడలూ ఒకే బొమ్మలో పడే పెద్ద ఎక్స్‌రే అది. తెర మీద వేలుపెట్టి చూపించారు. కింది దవడ ఎముకలో ఒక సన్న కాలువ ఉంటుంది, అందులోంచి నరం పోతుంది, ముందుకొచ్చి పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇస్తుంది. నా పన్ను వేరు కొస విరిగి ఆ కాలువ అంచు మీదే కూర్చుని ఉంది. తీసే ముందు ఇలాంటి ఎక్స్‌రే చూస్తే వేరుకీ కాలువకీ ఎంత దగ్గరో తెలుస్తుంది. వేరు దగ్గర నల్లగా కనిపించినా, కాలువ తెల్లగీత తెగినట్టు కనిపించినా అనుమానించాలి. అప్పుడు స్కాన్ తీస్తారు, లేదా పన్ను పైభాగం మాత్రం కోసేసి వేళ్ళని కావాలనే లోపల వదిలేస్తారు. దానికి కరోనెక్టమీ అని పేరు కూడా ఉంది.

ఇది మిత్రులు సరిగ్గా అర్థం చేసుకోవాలి. నరం దెబ్బతినడం జ్ఞానదంతం తీయడంలో తెలిసిన ప్రమాదమే. మంచి సర్జన్ల చేతిలోనూ జరుగుతుంది. చాలామందికి వారాల్లోనో నెలల్లోనో స్పర్శ తిరిగొస్తుంది, కొద్దిమందికి రాదు. వేరు ముక్క లోపల ఉండిపోవడం కూడా దానంతటది నేరం కాదు. ముందు సరైన ఎక్స్‌రే తీయకపోవడం పొరపాటు. ముక్క ఉండిపోయిందని తెలిసీ చెప్పకపోవడం దాపరికం. నాకు రెండోది ఎక్కువ మండింది.

లేచే ముందు అడిగాను: "నా ఎముక గట్టిదా డాక్టరుగారూ?"

ఆయనకి ప్రశ్న అర్థం కాలేదు. "ముప్పై దాటాక అందరిదీ గట్టిపడుతుంది. కింది దవడ పై దవడ కంటే గట్టిదే, ఎవరికైనా" అన్నారు.

ఈ గట్టి ఎముక కథ కొత్తది కాదు. 1840లలో అమెరికాలోని అలబామాలో జె. మారియన్ సిమ్స్ అనే డాక్టరు బానిసలుగా ఉన్న నల్లజాతి స్త్రీల మీద మత్తు లేకుండా మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు చేసి, కొత్త పద్ధతి కనిపెట్టిన మహానుభావుడు అనిపించుకున్నాడు. అనార్కా, లూసీ, బెట్సీ: మనకి మిగిలిన మూడు పేర్లు. న్యూయార్కులో ఆయన విగ్రహాన్ని 2018లో గానీ తీయలేదు. అది పాతకాలం అనుకుంటే, 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్ళు తెల్లజాతి వైద్య విద్యార్థుల్నీ జూనియర్ డాక్టర్లనీ అడిగారు. నల్లవాళ్ళ చర్మం మందం లాంటి తప్పుడు నమ్మకాల్లో కనీసం ఒకటి వాళ్ళలో సుమారు సగంమందికి ఉందని తేలింది. అలాంటి నమ్మకాలు ఎక్కువగా ఉన్నవాళ్ళు నల్లజాతి పేషెంటు నొప్పిని తక్కువగా లెక్కేశారు కూడా.

మన దగ్గర ఇలాంటి లెక్క ఎవరూ తీయనక్కర్లేదు, మా అమ్మని అడిగితే చాలు. ఇరవై ఏళ్ళ కిందట ఆవిడకి దంతం పీకినప్పుడు మత్తు పట్టేదాకా ఆగలేదు. "ఊడ్పులూడ్చే మనిషివి, ఆ మాత్రం ఓర్చుకోలేవా?" అన్నారట. అమ్మ ఆ మాట ఇప్పటికీ కొంచెం గర్వంగానే చెబుతుంది. నాకు అదే భయం. డెల్టాలో వరి పండించిన ఒళ్ళు గట్టిదన్న పొగడ్త, ఆ ఒంటికి సూది దండగ అన్నదాకా పోతుంది.

అంబేడ్కర్ "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో ఒక కాఠియావాడ్ టీచరు ఉత్తరం ఉంది. 1929 డిసెంబరు "యంగ్ ఇండియా"లో అచ్చయిన ఉత్తరం. బాలింత భార్యకి జబ్బు చేస్తే డాక్టరు వాడలోకి రానన్నాడు. ఊరి పెద్దలు చెప్పి, రెండు రూపాయల ఫీజుకి పూచీ పడ్డాక, ఆమెని వాడ బయటికి తెస్తే చూస్తానన్నాడు. థర్మామీటరుని ఒక ముస్లిం చేతికిచ్చాడు, ఆయన టీచరుకిచ్చాడు, టీచరు భార్యకి పెట్టాడు, తిరిగి అదే దారిన డాక్టరు దగ్గరికి చేరింది. దీపం వెలుగులో చూసి నిమోనియా అన్నాడు. తర్వాత మళ్ళీ రాలేదు. ఆమె చనిపోయింది. ఇవాళ నా నోట్లో చెయ్యిపెట్టడానికి ఏ డాక్టరూ వెనకాడడు, గ్లవ్స్ అందరికీ వేసుకుంటాడు. మారింది, కాదనను. ఏం జరిగిందో చెప్పాల్సిన చోట మాత్రం ఇంకా ఆ థర్మామీటరు చేతులు మారుతూనే ఉంది.

ఇక్కడో మాట. మనవాళ్ళు వైద్యం బల్లకి ఒక్కవైపే ఉన్నారని అనుకోకండి. రాజమండ్రి కుసుమ ధర్మన్నని "మాకొద్దీ నల్లదొరతనం" రాసిన కవిగానే పాఠం చెబుతాం. ఆయన వైద్యం చదివిన మనిషి. అందుకని ఈ వ్యాసం డాక్టర్ల మీద తిట్టు కాదు. నా క్లాసులోంచే వైద్యం వైపు వెళ్దామనుకుంటున్న పిల్లలున్నారు, వాళ్ళూ చదువుతారు.

సరే, ఓపీజీ పట్టుకుని పాత క్లినిక్‌కి వెళ్ళాను. గొడవకి కాదు. మూడు అడిగాను. నా చికిత్స కాగితాలూ ఎక్స్‌రే ఇమ్మన్నాను. ముక్క ఉండిపోయిన సంగతి కాగితం మీద రాసిమ్మన్నాను. దాన్ని తీయించడానికయ్యే ఖర్చు భరించమన్నాను. రిసెప్షన్లో అమ్మాయి లోపలికెళ్ళి వచ్చి, "మీవారిని పంపండి మేడమ్, సార్ మాట్లాడతారంట" అంది. పీహెచ్‌డీ ఉన్నా, పెదవి నాదే అయినా, మాట్లాడాల్సింది మా ఆయన. ఆయన బయట బండి మీద కూర్చుని ఉన్నాడు. రమ్మంటే, "నాకేం పన్ను తీయలేదుగా" అన్నాడు. అందుకే ఆయనంటే ఇష్టం.

రికార్డులు ఉంచమన్నారు. ఎక్స్‌రే కంప్యూటర్లో పోయిందన్నారు. నాకు నవ్వొచ్చింది. మా ద్రాక్షారామం భీమేశ్వరుడి గుడిలో స్తంభాల మీదా గోడల మీదా వందల శాసనాలున్నాయి. అఖండదీపానికి ఎవరేమిచ్చారో శతాబ్దాల కిందట రాతి మీద చెక్కి పెట్టారు. ఇప్పటికీ చదువుకోవచ్చు. (నేను చదివినంతలో మా పేటవాళ్ళ పేర్లు తగల్లేదు, అది వేరే వ్యాసం.) ఇచ్చినవాడి పేరు నిలవాలనుకుంటే రాయి దొరుకుతుంది. చేసిన పని దాగాలనుకుంటే నెల కిందటి ఎక్స్‌రే కూడా పోతుంది.

తర్వాత ఒక కవరు బల్ల మీద పెట్టారు. ఫీజు ఏడువేలు తిరిగి ఇచ్చేస్తారట. కింద ఒక కాగితం: చికిత్సతో తృప్తి చెందాను, ఇకముందు ఎలాంటి ఫిర్యాదూ చేయను. సంతకం పెట్టమన్నారు. మా అమ్మ పక్కనే ఉంది. "పెట్టెయ్యమ్మా, రేపు మళ్ళీ పన్ను నొప్పొస్తే ఈయన దగ్గరికే కదా రావాలి" అని నా చెవిలో అంది. ఆవిడ భయం అర్థం లేనిది కాదు. పేటలో బతికినవాళ్ళు డాక్టరుతోనూ, కరెంటాయనతోనూ, సొసైటీ గుమస్తాతోనూ తెగతెంపులు చేసుకోలేరు. అయినా తృప్తి చెందాను అని రాయడానికి నా చెయ్యి రాలేదు. తెలుగు చెప్పుకుని బతికేదాన్ని. ఆ క్రియాపదం నాది కాదు.

ఇంటికొచ్చి ఉత్తరం రాశాను. తేదీలు, ఏ పన్ను, ఎంత కట్టాను, ఏ రోజు ఏం చెప్పారు, నాకేం కావాలి. విశేషణాలు లేవు. రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు దాచాను.

చట్టం సంగతి కొంత చెబుతాను, పిల్లలకి పనికొస్తుంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో కొత్త చట్టం వచ్చాక డాక్టర్లు ఇక దీని కిందికి రారని వాదించారు, 2022లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే సర్కారు ఆసుపత్రికి ఈ దారి పనిచేయదు, అక్కడ మన కాగితాలు సమాచార హక్కు కింద అడగొచ్చు. ఫిర్యాదుకి గడువు రెండేళ్ళు. మనం ఉంటున్న జిల్లాలోనే వేసుకోవచ్చు. కట్టిన ఫీజు ఐదు లక్షల లోపైతే కమిషన్‌కి రుసుము లేదు. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. డాక్టరు మీద వృత్తిపరమైన చర్య కావాలంటే రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌కి రాయాలి, అక్కడ మాత్రం నష్టపరిహారం రాదు.

క్లినిక్‌లో ఏదో ఇంగ్లీషు ఫారం మీద సంతకం పెట్టించుకున్నారుగా అని భయపడేవాళ్ళకి: 2008లో సమీరా కోహ్లీ కేసులో కోర్టు చెప్పిందేమంటే, చేయబోయేదేమిటి, దానికి ప్రత్యామ్నాయాలేమిటి, ప్రమాదాలేమిటి అన్నది చెప్పాకే అది సమ్మతి. పైగా ప్రమాదానికి ఒప్పుకోవడం వేరు, నిర్లక్ష్యానికి ఒప్పుకోవడం వేరు.

"మనవైపు సాక్ష్యం చెప్పే డాక్టరు ఎక్కడ దొరుకుతాడు?" అన్నది పెద్ద ప్రశ్న. కాకినాడ సర్జన్ కూడా నాకు నోటితో చెప్పినదంతా కాగితం మీద పెట్టలేదు, ఎక్స్‌రేలో ఏముందో అంతవరకే రాశారు. ఇందుకు మన తెలుగువాడి కేసే ఉంది. మలేరియా శాఖలో పనిచేసే వి. కిషన్ రావు 2002లో చలిజ్వరంతో భార్యని హైదరాబాదులో ఆసుపత్రిలో చేర్పించాడు. టైఫాయిడ్ అని మందులిచ్చారు. అది మలేరియా. ఆవిడ చనిపోయింది. జిల్లా ఫోరం రెండు లక్షల పరిహారం ఇమ్మంటే, నిపుణుడి సాక్ష్యం లేదని పై కమిషన్లు కొట్టేశాయి. ఆయన వదల్లేదు. తప్పు కంటికే కనిపిస్తుంటే ప్రతి కేసులోనూ నిపుణుడు అక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పుని నిలబెట్టింది. ఎనిమిదేళ్ళు, రెండు లక్షలు. ఆ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూసుకోండి. దారి ఉంది, చాలా పొడుగుంది.

పన్నే కదా అనేవాళ్ళుంటారు. 2024 ఫిబ్రవరిలో హైదరాబాదులో ఒక దంతవైద్యశాలకి నవ్వు చక్కదిద్దించుకోవడానికి వెళ్ళిన 28 ఏళ్ళ పెళ్ళికొడుకు ఇంటికి రాలేదు. మత్తు ఎక్కువైందని తండ్రి ఫిర్యాదు చేశాడు. పన్నే కదా అని అక్కడా అనుకునే వెళ్ళుంటాడు.

ఉత్తరం అందిన ఐదో రోజు డాక్టరుగారే ఫోన్ చేశారు. ఈసారి మా ఆయనకి కాదు, నాకు. వెళ్ళాను. గొంతు తగ్గింది. వయసులో నాకంటే చిన్నవాడు, క్లినిక్ అప్పు మీద నడుస్తోందని మాటల్లో తెలిసింది. లెటర్‌హెడ్ మీద రాసిచ్చాడు: ఫలానా తేదీన 48వ నంబరు పన్ను తీయగా వేరు కొస విరిగి లోపల ఉండిపోయింది, పేషెంటుకి ఆ రోజు తెలియజేయలేదు, కుడి పెదవికి స్పర్శ లేదు. సంతకం, ముద్ర. ముక్క తీయించిన ఖర్చు కాకినాడలో ఆయనే కట్టాడు. నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.

"మరి ఆ మాట?" అన్నాను.

"ఏ మాటండి?"

చెప్పాను. ముఖం ఎర్రబడింది. "ఆ ఉద్దేశంతో అనలేదండి మేడమ్, మా ప్రొఫెసరుగారు కూడా అలాగే అనేవారు" అన్నాడు. అబద్ధమాడుతున్నాడని నాకనిపించలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. పుస్తకంలో లేని పాఠం ఒక చేతినుంచి ఇంకో చేతికి అందింది. కొందరు విద్యార్థులు అట్రాసిటీ కేసు పెట్టండి మేడమ్ అన్నారు. అవమానించాలన్న ఉద్దేశం ఉండాలి, పదిమంది చూసే చోట జరగాలి. నా కేసు దానికి తూగదని నా లెక్క. తూగని చోట ఆ చట్టాన్ని వాడితే తూగే చోట మనవాళ్ళకే దెబ్బ. ఒప్పుకోనివాళ్ళుంటారు, వాదించుకుందాం.

తిమ్మిరి ఇప్పుడు గడ్డం మీద రూపాయి బిళ్ళంత మిగిలింది. అది కూడా పోవచ్చు, పోకపోవచ్చు అన్నారు. రెండేళ్ళ గడువు వచ్చే ఆగస్టుకి అయిపోతుంది. కమిషన్‌కి వెళ్ళాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. అమ్మ వద్దంటుంది. మా ఆయన నీ ఇష్టం అంటాడు. కాగితాలన్నీ ఒక కవర్లో పెట్టి, పైన స్కెచ్ పెన్నుతో "పన్ను" అని రాసి బీరువాలో పెట్టాను. మొన్న వెతికితే కనిపించలేదు. ఇల్లు సర్దుతూ మా చెల్లి దాన్ని పంచాయతీ ఇంటిపన్ను రసీదుల కట్టలో పెట్టేసింది.